ధ్రువప్రాంత వైద్యము – దీర్ఘకాల వ్యోమయానము

ఉపోద్ఘాతము

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయదిశయందు బెళ్ళందూరు చెరువు కలదు. నగరమునందలి చెరువులన్నిటిలో నిదియే పెద్దది. దీని విస్తీర్ణము సుమారు 900 ఎకరములు. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున సమీపమునందలి హిందూస్థాన్ విమాన కర్మాగారమునకు మరమ్మతులకై వచ్చు కాటలీనా అను నీటివిమానములు ఈ చెరువునందే దిగుచుండెడివి. నేడు దీని పరిసరములు కంప్యూటరు సంస్థలతో నిండి, వేలకొలది తెలుగు కుటుంబములకు నివాసమైనవి.

1957వ సంవత్సరమున ఆ కర్మాగార విమానాశ్రయమునకు చేరువనే భారత వాయుసేనవారు విమానవైద్య పాఠశాల నొకదానిని నెలకొల్పిరి. అదియే క్రమముగా పెరిగి నేడు ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్’ అను పేర ప్రసిద్ధి నొందినది. 1984 ఏప్రిల్ మాసమున సాల్యూట్-7 కేంద్రమునకు వెడలిన రాకేశ్ శర్మను ఎన్నుకొనుటకు ముందు వైద్యపరీక్షలు జరిగిన దిచ్చటనే. 2019లో గగనయాన వ్యోమగాములుగా శిక్షణ పొందుటకు అభ్యర్థులను వడపోసినదియు నిచ్చటనే. ఆ సంవత్సరముననే మానవ వ్యోమయాన కేంద్రముకూడ ఈ నగరమున స్థాపితమైనది.

గగనయానమునకు సంకల్పింపబడిన వ్యవధి కొలది దినములు మాత్రమే. అంత స్వల్పకాలములో వ్యాధి సంభవించినను, నౌకను దింపి రోగిని ఆసుపత్రికి చేర్చుట సాధ్యము. కాని 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రమును నిర్మింపవలెననియు, 2040 నాటికి భారతీయుని చంద్రునిపై దింపవలెననియు దేశము లక్ష్యముగా పెట్టుకొన్నది. మాసములకొలది, తుదకు సంవత్సరములకొలది సాగు యాత్రలకు ఇది తొలిమెట్టు. అప్పు డొక ప్రశ్న తప్పనిసరిగా ఎదురగును: వైద్యుడు చేరజాలని చోట, ఆసుపత్రి లేని చోట, వెనుకకు మరలు దారియు మూసికొనిపోయిన చోట రోగము వచ్చినచో చేయదగిన దేమి?

ఈ ప్రశ్నకు మానవుడు కొంతవఱకు సమాధానమును సంపాదించియే యున్నాడు. అది ఆకాశమున లభించినది కాదు. భూమికి దక్షిణపు కొనయందలి మంచుఖండమున, నూటికి పైబడిన సంవత్సరముల బాధలవలనను అనుభవమువలనను లభించినది. ఆ యనుభవమును, వ్యోమయానమునకు దానినుండి గ్రహింపదగిన పాఠములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

రెండు తావులకు గల సామ్యము

అంటార్కిటికా ఖండము మానవునకు సహజమైన నివాసము కాదు. 1983 జులై 21వ తేదీన రష్యావారి వొస్తోక్ కేంద్రమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 89.2 సెంటిగ్రేడు డిగ్రీలకు పడిపోయినది. శీతకాలమున మాసములతరబడి సూర్యుడు కానరాడు. ఓడలు రాలేవు, విమానములు దిగుట మిక్కిలి యపాయకరము. ఫ్రాన్సు, ఇటలీ దేశములు కలసి నడపుచున్న కాంకార్డియా కేంద్రము సముద్రమట్టమునకు 3,200 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటివారికి అత్యంత సమీపమున నున్న యిరుగుపొరుగువారు దాదాపు 600 కిలోమీటర్ల దూరమున వొస్తోక్‌లో నుందురు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తుననే తిరుగుచున్నది గదా! దూరమును మాత్రమే చూచినచో, కాంకార్డియావాసి వ్యోమగామికంటెను ఏకాంతమున నున్నవాడు. ఈ కారణముచేతనే ఐరోపా అంతరిక్షసంస్థ ఏటేట నొక వైద్యుని శీతకాలమంతయు నచ్చట నుంచి, నివాసుల నిద్రను, రక్తమును, మనఃస్థితిని పరిశీలింపజేయుచున్నది.

భారతదేశమునకును ఈ మంచుఖండముతో గాఢమైన సంబంధము కలదు. ఎస్. జెడ్. ఖాసిం నాయకత్వమున 1981–82లో తొలి యాత్ర జరిగినది. తరువాత దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి అను కేంద్రములు వెలసినవి. దక్షిణ గంగోత్రి మంచులో పూడిపోవుచుండగా 1990లో దానిని నివాసముగా నుంచుట మానిరి. తక్కిన రెండును నేటికిని పనిచేయుచున్నవి. మైత్రియందలి భూకంప పరిశోధనలలో హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ పాలుపంచుకొన్నది. భారతి కేంద్రమున ఉపగ్రహ సంకేతముల నందుకొను స్థావరమును నెలకొల్పినదియు హైదరాబాదు జాతీయ దూరసంవేదన కేంద్రమే. అచ్చటినుండి ఆ సమాచారము షాద్‌నగరునకు చేరుచున్నది. తెలుగునాటికి ధ్రువప్రాంతము దూరమైనను, పరాయిది కాదనుట కివి చాలును.

ఏకాకియైన వైద్యుడు

1961 ఏప్రిల్ 12వ తేదీన యూరీ గగారిన్ భూమిని చుట్టివచ్చెను. ఆ వార్తతో ప్రపంచము మారుమ్రోగుచుండగా, సరిగా పదునెనిమిది దినములకు, అంటార్కిటికాయందలి సోవియట్ వారి నొవొలజరెవ్‌స్కయా కేంద్రమున వేఱొక విచిత్రసంఘటన జరిగెను. అచ్చట శీతకాలమును గడపుచున్నవారు పదుముగ్గురు. వారిలో వైద్యు డొక్కడే. పేరు లియొనిద్ రొగొజొవ్, వయస్సు 27 సంవత్సరములు. గగారిన్ వయస్సును అప్పు డంతియే. ఆ వైద్యునికే కడుపునొప్పియు, జ్వరమును, వాంతులును ప్రారంభమయ్యెను. అపెండిక్సు అని యందఱు నెఱిగిన ఉండుకము వాచినదని ఆతడే గుర్తించెను. మందులతో తగ్గలేదు. మంచుతుఫాను వలన విమానము వచ్చు నాశ లేదు. శస్త్రచికిత్స చేయగల రెండవ చేయి ఆ కేంద్రమున లేదు.

ఏప్రిల్ 30వ తేదీ రాత్రి ఆతడు తన పొట్టను తానే కోసికొనెను. చర్మమునకు తిమ్మిరి కలిగించు మందును మాత్రమే వాడెను. వాతావరణ శాస్త్రజ్ఞు డొకడు కొంకులతో గాయపు అంచులను పట్టియుంచగా, యంత్రకారు డొకడు అద్దమును పట్టుకొనెను. అద్దములో ప్రతిబింబము తిరుగబడి కనిపించుటచే, రొగొజొవ్ చాలవఱకు చేతిస్పర్శతోనే పని సాగించెను. నడుమ నడుమ స్పృహ తప్పునట్లగుచుండ విశ్రమించుచు, సుమారు గంటముప్పావు కాలములో చికిత్సను ముగించెను. రెండు వారములకు మరల తన విధులలో చేరెను. ఆ కేంద్రమున్న షిర్మాకర్ అను రాతినేలయందే, కొలది కిలోమీటర్ల దూరమున నేటి మన మైత్రి కేంద్రము నిలిచియున్నది.

ఈ కథను సాహసకృత్యముగా మాత్రమే చెప్పుకొనుట పరిపాటి. కాని వైద్యదృష్టితో చూచినచో ఇందు మూడు పాఠములు కలవు. మొదటిది: వైద్యుడును రోగి కావచ్చును. 1999లో దక్షిణధ్రువ కేంద్రమున ఏకైక వైద్యురాలైన జెర్రీ నీల్సెన్ తన రొమ్మునందు గడ్డను కనుగొని, సహచరుల సాయముతో తానే దానినుండి పరీక్షకై నమూనాను తీసికొనెను. శీతకాలపు చీకటిలో విమానమునుండి మందులను జారవిడిచిరి. అక్టోబరులో గాని ఆమెను తీసికొనిపోవుటకు వీలుపడలేదు. 2001 ఏప్రిల్‌లో అదే కేంద్రపు వైద్యుడైన రొనాల్డ్ షెమెన్‌స్కీ క్లోమగ్రంథి వ్యాధికి లోనుకాగా, చిన్న విమానమొకటి ప్రాణములకు తెగించి వచ్చి ఆయనను కొనిపోయెను. కావున దీర్ఘయాత్రయందు వైద్యజ్ఞానము ఒక్క మెదడులోనే ఉండరాదు.

రెండవది: సామాన్యులకు శిక్షణ నిచ్చినచో శస్త్రచికిత్సకు తోడ్పడగలరు. ధ్రువకేంద్రములలో వంటవానికి, యంత్రకారునకు గూడ తిమ్మిరిమందు నెక్కించుటయు, పనిముట్లను శుద్ధిచేయుటయు నేర్పుట ఈ యనుభవమువలననే ఏర్పడిన ఆచారము. మూడవది: చేయదలచిన పనిని ముందుగా క్రమముగా ఆలోచించి, సహాయకులలో నెవరే మాటకు ఏమి చేయవలెనో నిర్ణయించుట. తనకు స్పృహ తప్పినచో సూదిమందు నెట్లు ఇయ్యవలెనో, ఊపిరి నెట్లు నిలుపవలెనో రొగొజొవ్ ముందే వారికి బోధించెను. ఆతని ప్రాణమును నిలిపినది ధైర్యమొక్కటియే కాదు. ఈ సిద్ధత గూడ.

బయలుదేరుటకు ముందే చికిత్స

ధ్రువవైద్యమున ముఖ్యభాగము ధ్రువమునకు పోకముందే జరుగును. ఆస్ట్రేలియా దేశమువారు తమ కేంద్రములలో శీతకాలమున నుండబోవు వైద్యుల ఉండుకమును ముందుగానే తీసివేయుదురు. ఏలనన, కేంద్రమునకు వైద్యు డొక్కడే. చిలీ దేశపు విల్యా లాస్ ఎస్ట్రెయాస్ అను అంటార్కిటికా గ్రామమున దీర్ఘకాలము నివసింపబోవువా రెల్లరును ఈ శస్త్రచికిత్సను చేయించుకొనవలసియుండెడిది. భారతీయదళములలోనివారిని ఢిల్లీయందలి అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో దేహపరీక్షకును మనఃపరీక్షకును గురిచేసి, పిమ్మట హిమాలయములలోని ఔలీయందు మంచుపై నడచుటకును, ప్రమాదములలో ప్రాణరక్షణకును అలవాటు చేయుదురు.

కాని వ్యాధిలేని యవయవమును ముందుగా తొలగించుట న్యాయమా అను ప్రశ్న కలదు. శస్త్రచికిత్సవలనను కొన్ని చిక్కులు కలుగవచ్చును. తరువాత పేగులు అతుకుకొని అడ్డుపడుటయు నుండవచ్చును. భూకక్ష్యయందు తిరుగు కేంద్రమునుండి కొలదిగంటలలో దిగిరావచ్చును గావున వ్యోమగాములకు ఈ నియమము లేదు. అంగారకునివైపు పయనించువారి విషయము వేఱు. ఆ యాత్ర పోవుటకును, నిలుచుటకును, మరలుటకును కలిపి రెండున్నర లేక మూడు సంవత్సరములు పట్టును. నడుమ వెనుకకు మరలుట అసాధ్యము. వారికి ఈ ప్రశ్న మరల కొత్తగా పుట్టును. ధ్రువానుభవము చెప్పున దేమనగా, నియమమును దూరమును బట్టి నిర్ణయింపవలెను గాని అలవాటును బట్టి కాదు.

ఆహారము, వెలుగు, కాలము

1898 మార్చి మాసమున బెల్జియం దేశపు ‘బెల్జికా’ నౌక అంటార్కిటికా సముద్రపు మంచులో చిక్కుకొని, ఇంచుమించు ఒక సంవత్సరము కదలలేక పోయెను. ఆ ఖండపు చీకటికాలమును గడపిన తొలి శాస్త్రయాత్రికులు వారే. సూర్యుడు మఱుగైన కొలదిదినములకు నావికుల ముఖములు పాలిపోయెను, గుండె తడబడెను, కొందఱికి మతి చలించెను. ఎమిల్ దాంకో అను శాస్త్రజ్ఞుడు మరణించెను. చిగుళ్ళు వాచి నెత్తురు కారు స్కర్వీ వ్యాధి పొడసూపెను. విటమిన్లను గూర్చి లోకమున కింకను తెలియని కాలమది. ఓడ వైద్యుడైన ఫ్రెడరిక్ కుక్, డబ్బాలలోని యాహారమును తగ్గించి, పెంగ్విను, సీలు జంతువుల తాజామాంసమును కొద్దిగా మాత్రమే కాల్చి తినుడని పట్టుపట్టెను. నాయకుడు మొదట దాని నేవగించుకొనెను; తినినవారు కోలుకొనిరి. అంతేకాక, కుక్ రోగులను మండుచున్న పొయ్యి యెదుట గంటసేపు నిలుచుండజేసి, వెలుగును వెచ్చదనమును చికిత్సగా వాడెను. తరువాత దక్షిణధ్రువమును తొలుత చేరిన ఆముండ్‌సెన్ ఆ నౌకలో నొక యధికారి. ఈ పాఠమును ఆయన జీవితాంతము మఱువలేదు.

నేటి వ్యోమగాములు స్కర్వీకి భయపడ నక్కఱలేదు. కాని ఎండ సోకని దేహమున విటమిన్ డి తగ్గిపోవుట ఇరువురికిని సమానమైన సమస్య. అంటార్కిటికాయందలి మెక్‌మర్డో కేంద్రమున శీతకాలమును గడపువారిపై జరిపిన పరిశోధనల వలన ఎంత మోతాదు చాలునో తేలినది. ఆ జ్ఞానము వ్యోమగాముల యాహార నిర్ణయమునకు తోడ్పడినది. మఱియు నిలువచేసిన మందులును, విటమిన్లును కాలక్రమమున శక్తిని కోలుపోవును. మూడు సంవత్సరముల యాత్రకు కట్టిన మందులపెట్టె చివరి దినమునకూడ పనిచేయవలెనన్న విషయము కుక్ కాలమునాటి సమస్యకు నేటి రూపమే.

కాలజ్ఞానమును గూర్చి ఒక భారతీయుని కృషి యిచ్చట స్మరణీయము. భారతీయ వ్యవసాయ పరిశోధనాసంస్థకు చెందిన గిరిరాజ్ సింగ్ సిరోహి 1960లో దక్షిణధ్రువమును చేరిన తొలి భారతీయుడు. జీవులలోని దినచర్య భూభ్రమణముచే నడుపబడుచున్నదా, లేక దేహమునందే యొక గడియారము కలదా అన్న ప్రశ్నను ఆయనయు, అమెరికన్ సహచరులును అచ్చట పరీక్షించిరి. మొక్కలను, ఈగలను, చిన్న జంతువులను భూభ్రమణమునకు వ్యతిరేకదిశగా తిరుగు పీఠములపై నుంచి చూడగా వాటి దినలయ చెడలేదు. 1962లో ప్రకటితమైన ఆ ఫలితము గడియారము లోపలనే యున్నదను వాదమును బలపఱచినది. ఆ గడియారమును దినదినము సరిదిద్దునది మాత్రము వెలుగు. ధ్రువరాత్రియందు వెలుగు లేక అది తప్పిపోవును. కక్ష్యయందు దినమునకు పదునాఱు సూర్యోదయములు కలుగుటచే తికమకపడును. కనుకనే అంతర్జాతీయ కేంద్రమున ఉదయమునకు నీలిచ్ఛాయ గలిగిన వెలుగును, రాత్రికి ఎఱ్ఱని మందకాంతియు నిచ్చు దీపము లమర్పబడినవి. విదేశముల పగటికి తగినట్లు రాత్రులు మేలుకొని పనిచేయు బెళ్ళందూరు ఉద్యోగులకు సైతము ఈ శాస్త్రము పనికివచ్చును.

మనస్సు, మెదడు

ధ్రువరాత్రి నడచుచుండగా నిద్రలేమి, చిఱాకు, మఱపు, శూన్యదృష్టి అను లక్షణములు పలువురికి కలుగును. థైరాయిడు గ్రంథి స్రావముల నడకలో మార్పు వచ్చుట దీనికొక కారణముగా గుర్తింపబడినది. జర్మనీవారి నాయ్‌మాయర్ కేంద్రమున పదునాలుగు మాసములు గడపినవారి మెదళ్ళను పరిశీలింపగా, జ్ఞాపకశక్తికి స్థానమైన భాగమున నొక మడత సగటున నూటికి ఏడువంతులు కుదించుకొనిపోయినట్లు 2019లో ప్రకటింపబడినది. పరీక్షింపబడినవారు పదిమంది లోపువారే యగుటచే దీనిని తుదినిర్ణయముగా గ్రహింపరాదు. అయినను ఒకే గోడలను, ఒకే ముఖములను దీర్ఘకాలము చూచుట మెదడునకు మేలుచేయదని ఇది హెచ్చరించుచున్నది.

యాత్రాకాలము సగము దాటిన పిదప, మూడవ పాదమున ఉత్సాహము సన్నగిల్లునని కొందఱు పరిశోధకులు చెప్పిరి. గడచినది చాల, మిగిలినదియు చాల అను భావ మప్పుడు కలుగునట. ఇది అందఱియందును కనిపింపదు. అదిగాక, శీతకాలమును జయించి వచ్చినవారిలో ఆత్మవిశ్వాసమును ఓర్పును పెరుగుటయు పరిశోధకులు గుర్తించిరి. కావున ఏకాంతము కేవలము వ్యాధిహేతువు కాదు. తగిన మనుష్యుల నెన్నుకొని, తగిన పని నిచ్చి, కలసి భుజించు ఆచారమును నిలిపినచో నది బలమును గూడ నీయగలదు. మనస్సు చెడినచో యాత్ర యెట్లగునో వ్యోమయాన చరిత్రయు తెలుపుచున్నది. 1985లో సాల్యూట్-7 నాయకుడైన వ్లదీమిర్ వస్యూతిన్ కక్ష్యయందు వ్యాధిగ్రస్తు డగుటచే, నవంబరు 21వ తేదీన దళమంతయు గడువునకు ముందే దిగిరావలసివచ్చెను. ఆతనికి ముందునుండియే వ్యాధి యుండియు దానిని దాచినట్లు తరువాత చెప్పుకొనిరి. వ్యాధిని చెప్పినచో యాత్రకు దూరమగుదునను భయమే దాచుటకు మూలము. ఎన్నిక యెంత కఠినమో, చెప్పుకొనుటకు గల స్వేచ్ఛయు నంత విశాలముగా నుండవలెను.

అంటురోగములును దేహరక్షణయు

1969లో బ్రిటిష్ వారి అంటార్కిటికా కేంద్ర మొకదానియందు పండ్రెండుగురు పదునేడు వారములు బయటివా రెవ్వరును రాకుండ గడపిరి. ఆ పిమ్మట వారిలో ఆఱుగురికి పడిశము పట్టెను. పడిశము మఱియొకరినుండి సోకునదే యైనచో ఇది యెచ్చటినుండి వచ్చినట్లు? క్రిములు దేహమునందో, వస్తువులయందో చిరకాలము దాగియుండవచ్చునని ఇది సూచించినది. దేహమునందు నిద్రించు అమ్మవారి జాతి క్రిములు ధ్రువవాసులయందును వ్యోమగాములయందును మేల్కొనుచున్నట్లు తరువాతి పరిశోధనలు చూపినవి. ఏకాంతము రోగక్రిములనుండి రక్షణ యిచ్చునను నమ్మకము సగమే సత్యము. దేహరక్షణశక్తి మందగించినచో శత్రువు లోపలనే యున్నాడు.

శుద్ధజలము, మలినముల విషయమును ఇట్టిదే. మూసిన లోకమున పాఱవేయుటకు ‘బయట’ యనునది లేదు. కాంకార్డియాయందు స్నానాదులకు వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడు యంత్రము ఐరోపా అంతరిక్షసంస్థ సాయముతో నడచుచున్నది. అంతర్జాతీయ కేంద్రమున నీటిలో నూటికి 98 వంతులు తిరిగి పొందగలుగుట 2023లో సాధింపబడినది. మురుగు చేరి, నురుగు పట్టి, 2015, 2017, 2018 సంవత్సరములలో నీటిపైననే మంటలు రేగిన చెరువును చూచినవారికి, విసర్జించినది మరల మనయొద్దకే వచ్చునని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

దూరమునుండి వైద్యము

ధ్రువకేంద్రములకు తొలుత రేడియోద్వారా, నేడు ఉపగ్రహములద్వారా స్వదేశపు నిపుణుల సలహా లందుచున్నవి. ఈ పద్ధతియే వ్యోమయానమునకును దారిచూపినది. అంతర్జాతీయ కేంద్రమున పనిచేయుచున్న యొక వ్యోమగామికి మెడలోని సిరలో నెత్తురు గడ్డకట్టిన సంగతి 2020లో వైద్యపత్రికయందు వెల్లడియైనది. ఆ వ్యోమగామికి బాధ యేమియు తెలియదు. పరిశోధనకై అల్ట్రాసౌండు యంత్రముతో మెడను పరిశీలింపగా బయటపడినది. భూమిపైనున్న వైద్యులు చేతిని ఎటు కదల్పవలెనో చెప్పుచుండగా వ్యోమగామియే చిత్రములను తీసెను. గడ్డను పెరుగనీయని సూదిమందు పెట్టెలో పరిమితముగా నున్నందున పొదుపుగా వాడి, తరువాత సరకునౌకలో మాత్రలను పంపిరి. తొంబది దినములకు పైగా చికిత్స సాగినది. యాత్ర నిర్విఘ్నముగా ముగిసినది.

అంగారకయాత్రయందు ఈ యుపాయము సగము విఱిగిపోవును. భూమికిని అంగారకునకును గల దూరమును బట్టి, మాట ఒకవైపు చేరుటకే మూడు నిమిషములనుండి ఇరువదిరెండు నిమిషములవఱకు పట్టును. ఊపిరాడని రోగి ప్రక్కన నిలిచి, ప్రశ్నకు సమాధానమునకై నలుబది నిమిషములు వేచియుండుట సాధ్యము కాదు. సరకునౌకయు రాదు. అప్పుడు నౌక యందే వైద్యుడుండవలెను; రష్యా వైద్యుడు వలేరీ పొల్యకోవ్ 1994 జనవరి నుండి 1995 మార్చి వఱకు మీర్ కేంద్రమున ఒక్కమాఱే 437 దినములు గడపి, వైద్యుడు తాను నిలువగలడనియు, పనిచేయగలడనియు నిరూపించెను.

సామ్యమునకు గల హద్దులు

ఉపమానమును మితిమీఱి సాగదీయరాదు. ధ్రువప్రాంతమున భూమ్యాకర్షణ కలదు. గాయము నుండి నెత్తురు క్రిందికి కారును. పనిముట్టు పెట్టినచోటనే యుండును. కక్ష్యయందు నెత్తురు బంతులై తేలును, దేహద్రవములు తలకెక్కును, బరువు మోయు ఎముకలు మాసమునకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతుల చొప్పున క్షీణించును. దానిని నిలువరించుటకు దినమునకు రెండుగంటలు వ్యాయామము చేయవలసియున్నది. చంద్రుని దాటిపోవువారికి విశ్వకిరణముల బెడద కలదు. ఈ విషయములలో ధ్రువము గురువు కాజాలదు. ధ్రువము బోధించునది అవయవముల ప్రవర్తనను కాదు. పరిమితమైన మనుష్యులతో, పరిమితమైన మందులతో, మరలుటకు వీలులేని చోట వైద్యమును నడపు పద్ధతిని.

భారతదేశమునకు వర్తించు విషయములు

2025 జూన్ 25వ తేదీన బయలుదేరిన శుభాంశు శుక్లా అంతర్జాతీయ కేంద్రమున పదునెనిమిది దినములు గడపి జులై 15వ తేదీన క్షేమముగా తిరిగివచ్చెను. తెలంగాణమున మూలములు గల రాజా చారి అంతకు ముందే 2021 నవంబరు నుండి 2022 మే వఱకు అచ్చట దాదాపు ఆఱు మాసములు గడపెను. దీర్ఘవాసము భారతీయులకు నూతనమేమియు కాదు. మైత్రి, భారతి కేంద్రములలో సంవత్సరము గడపినవారు వందలకొలది కలరు. ఏ వ్యాధు లెప్పుడు వచ్చినవి, ఏ మందు మిగిలినది, ఏ మందు కొఱవడినది, ఏ మాసమున కలహము పుట్టినది, మన యాహారమున ఏది విసుగు పుట్టింపలేదు అన్న ప్రశ్నలకు ఆ దళముల వైద్యులకంటె బాగుగ సమాధానము చెప్పగలవా రెవరు? ఆ జ్ఞానమును బెంగుళూరునందలి వ్యోమవైద్యులును, గోవాయందలి ధ్రువ-సముద్ర పరిశోధనా కేంద్రమువారును ఒకచోట చేర్చినచో అది పరదేశములనుండి కొనితెచ్చుకొన నక్కఱలేని సంపద.

ఆ సంపదనుండి గ్రహింపదగిన నియమములు ఐదు: వైద్యవిద్య కనీస మిరువురికి తెలిసియుండవలెను. దళమునందలి ప్రతివాడును సహాయకుడుగా శిక్షణ పొందవలెను. మందులపెట్టెను ఊహనుబట్టి గాక, గడచిన యాత్రల లెక్కలనుబట్టి కట్టవలెను. నిద్ర, వెలుగు, భోజనము, సహవాసము అనువానిని సౌకర్యములుగా గాక, చికిత్సలుగా భావింపవలెను. వ్యాధిని చెప్పుకొన్నవానికి శిక్ష ఉండరాదు.

ఉపసంహారము

ఇంత వ్యయప్రయాసలకు కొందఱి యాత్ర మాత్రమే ఫలమా అని అడుగుట సహజము. కాని ‘వైద్యుడు చేరజాలని చోటు’ ఆకాశమునందే కలదని తలచుట పొరపాటు. పాడేరు, అరకు మన్యములలోని కొండగూడెములనుండి గర్భిణులను డోలీ కట్టి మోసికొని రావలసిన దుస్థితి నేటికిని పూర్తిగా తొలగలేదు. వానకాలమున వాగు పొంగినచో ఆ గూడెము కొలదిదినములపాటు ఒక చిన్న అంటార్కిటికాయే యగును. చేతిలో పట్టు అల్ట్రాసౌండు యంత్రము, దూరమునుండి నిపుణుడు చెప్పగా గ్రామ ఆరోగ్యకార్యకర్త చేయు పరీక్ష, మితమైన మందులపెట్టెను చక్కగా కట్టు విద్య, ప్రమాదమును ముందే గుర్తించి కాన్పునకు కొలదిదినములు ముందుగా తల్లిని ఆసుపత్రి సమీపమునకు చేర్చు జాగరూకత – ఇవియన్నియు ధ్రువవైద్యము నేర్పిన పాఠములే.

రొగొజొవ్ యెదుట పట్టిన అద్దము, కుక్ రోగుల యెదుట మండిన పొయ్యి, కక్ష్యయందు వ్యోమగామి చేతనున్న యంత్రము – ఇవి మూడును ఒక్క సత్యమునే చాటుచున్నవి. దూరము వైద్యమునకు శత్రువు కాదు, సిద్ధములేమియే శత్రువు. చంద్రునివైపు చూచుచున్న దేశము ఆ సిద్ధతను ముందుగా మంచుఖండమునుండి నేర్చుకొని, తరువాత తన కొండగూడెములకు గూడ అందించినచో, ఈ విద్యకు సార్థకత కలుగును.